నలభై ఒకటో రోజు సిగరెట్టు

లిఫ్టు బాగుచేసేవాడికి లిఫ్టెక్కే యోగం ఉండదు. అది నడవనప్పుడే కదా అతన్ని పిలుస్తారు. ఆరంతస్తులైతే ఆరు, పదకొండైతే పదకొండు, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి, పైకప్పు మీదున్న మోటారుగదికి చేరాలి. అలా ఇరవై రెండేళ్ళపాటు కలిసి మెట్లెక్కినవాళ్ళు బావ, చిన్నోడు.

వాళ్ళు నిజంగానే బావాబామ్మర్దులు. చిన్నోడి అక్కని బావ చేసుకున్నాడు. పెళ్ళయిన రెండో ఏడు బామ్మర్దిని తను పనిచేసే కంపెనీలోకే తెచ్చుకున్నాడు. వాడు రోజంతా "బావా, బావా" అని అరుస్తుంటే విని విని, స్టోరులోవాళ్ళూ తోటి మెకానిక్కులూ చివరికి మేనేజరు కూడా అతన్ని బావ అనడం మొదలుపెట్టారు. తనకంటే వయసులో పెద్దవాడైన మేనేజరు ఫోను చేసి "బావా, ఆ బ్యాంకు లిఫ్టు సంగతి ఎందాకా వచ్చింది" అంటుంటే కొత్తవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. చిన్నోడికి ఆ పేరు ఇంట్లో ఆఖరివాడు కావడం వల్ల వచ్చింది. నలభై ఆరేళ్ళు నిండి, నడినెత్తిన జుట్టు ఊడిపోయాక కూడా అదే నిలిచింది.

ఇద్దరూ పని పంచుకున్న తీరు మొదటినుంచీ ఒకటే. బావ కింద గోతిలో, చిన్నోడు పైన మోటారుగదిలో. మధ్యలో నిలువునా చీకటి బావిలాంటి దారి. గోతిలో ఫోను పనిచేయదు కాబట్టి తీగతాళ్ళు దిగే కంతల్లోంచి కేకలతోనే మాట్లాడుకునేవాళ్ళు. పైనుంచి "వదుల్తున్నా" అని కేక రావాలి. కిందనుంచి "కానీ" అని కేక వెళ్ళాలి. ఆ మాట వినపడితే గాని చిన్నోడు బ్రేకు మీద చెయ్యి వేసేవాడు కాదు. అన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ వరస తప్పలేదు.

ఇద్దరూ సిగరెట్లు బాగా కాల్చేవాళ్ళు. రోజుకి ఒకటిన్నర పెట్టె అటూ ఇటూగా. మెట్లెక్కగానే ఆయాసం తీర్చుకోవడానికి ఒకటి, పని మొదలుపెట్టేముందు ఒకటి, లిఫ్టు కదిలితే సంతోషానికొకటి, కదలకపోతే ఆలోచనకొకటి. మోటారుగదుల్లో గ్రీజు డబ్బా మూతలన్నీ వాళ్ళకి బూడిద పళ్ళేలే.

ఒక ఏడు కంపెనీ మెకానిక్కులందరికీ వైద్యపరీక్షలు చేయించింది. భోజనాల గదిలో బల్లలు పక్కకి జరిపి, ఒక ముసలి డాక్టరు చిన్న మిషను పెట్టుకుని కూర్చున్నాడు. గొట్టం నోట్లో పెట్టుకుని బలంకొద్దీ ఊదాలి. బావ ఊదాడు. చిన్నోడు ఊదాడు. డాక్టరు కాగితాలు చూసి కళ్ళజోడు తీసి బావ వైపు తిరిగాడు.

"నీకు యాభై ఒకటి. నీ ఊపిరితిత్తులకి డెబ్బై దగ్గర. ఈయనవి ఇంకో రెండేళ్ళు ఎక్కువే."

చిన్నోడు వెంటనే అందుకున్నాడు. "అయితే నేను మా బావకంటే పెద్దవాణ్ణి కదండీ. ఇకనుంచి నన్ను మీరు అని పిలవమనండి."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. "ఇవాళే మానేయండి. మానేశాక ఒంట్లో కొన్ని ఇబ్బందులొస్తాయి. కంగారుపడకుండా నెలకి నా దగ్గరికి రండి, చూస్తాను" అని ఒక చీటీ మీద తన ఆస్పత్రి చిరునామా రాసి బావ చేతికిచ్చాడు. బావ దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం బావ ఇంట్లో కూర్చుని ఇద్దరూ చెరో సిగరెట్టు చివరిదాకా కాల్చి, ఇక ముట్టమని ఒట్టేసుకుని, మిగిలినవాటిని నీళ్ళ బకెట్లో వేశారు. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె మాటలు పొదుపుగా వాడే మనిషి.

"ఒరేయ్, ఆయన సంగతి నాకు తెలుసు. మొండిఘటం, మానేస్తాడు. నీ మీదే నాకు అనుమానం."

"నేనంటే చిన్నప్పటినుంచీ ఇంతేగా అక్కా నీకు. ఒక్కసారన్నా నమ్మి చూడు."

"సరే, నమ్మాను" అంది ఆమె.

మొదటి పదిరోజులూ బావకి నరకం కనిపించింది. చేతులు ఏం చేయాలో తెలిసేవి కావు. బోల్టు బిగించి వెంటనే విప్పి మళ్ళీ బిగించేవాడు. ఉత్తపుణ్యానికి భార్య మీద విసుక్కునేవాడు. చిన్నోడు మాత్రం తేలిగ్గా ఉన్నాడు. జేబు నిండా లవంగాలు పోసుకుని తిరుగుతూ, "బావా, నోట్లో ఏదోటి ఆడుతుంటే చాలు, ఈ బుర్రకి తేడా తెలీదు" అనేవాడు.

నాలుగో వారంలో అతనికి దగ్గు పట్టుకుంది.

బావకీ పొద్దున లేవగానే కాస్త దగ్గు వచ్చేది. ముఖం కడుక్కునేసరికి సర్దుకునేది. చిన్నోడిది అలా కాదు. లోపల ఎక్కడో అడుగునుంచి తోడుకుని వచ్చే దగ్గు. మొదలైతే అయిదేసి నిమిషాలు ఆగేది కాదు. ముఖం కమిలిపోయి, కళ్ళవెంట నీళ్ళు కారి, చివరికి చిక్కటి నల్లటి కఫం పడేది. దాన్ని చూసి అతనికే భయం వేసేది. సిగరెట్టు కాల్చినన్నాళ్ళూ అతనికి దగ్గే లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు కాల్చినా ఛాతీలో పిల్లికూతైనా వినలేదు. మానేసిన నెలకి ఇలా అయింది.

"బావా, కాల్చేవాళ్ళు చస్తారంటారు గానీ, నేను మానేసి చచ్చేట్టున్నాను" అన్నాడు ఒకరోజు మెట్ల మీద కూర్చుండిపోయి. నవ్వబోయాడు గానీ నవ్వు దగ్గులో కలిసిపోయింది.

స్టోరుకీపరు పెద్దమనిషి. ఆయన తనకి తెలిసిన లోకజ్ఞానమంతా చెప్పాడు. "అంతకాలం అలవాటైన ఒళ్ళయ్యా. ఉన్నట్టుండి ఆపేస్తే ఊరుకుంటుందా? మా పెదనాన్న అట్లాగే మానేశాడు, ఆర్నెల్లు తిరక్కుండా పోయాడు." ఈ మాట చిన్నోడి బుర్రలో మేకులా దిగబడింది.

నెల నిండింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజున కోర్టు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. "వచ్చేవారం పోదాంలేరా" అన్నాడు బావ. వచ్చేవారం ఇంకేదో వచ్చింది. ఆ తర్వాత చిరునామా చీటీ చొక్కాతోపాటు ఉతుకులో పోయి జేబులో ముద్దై దొరికింది. కంపెనీలో అడిగితే మళ్ళీ ఇచ్చేవాళ్ళే. బావ అడగలేదు. దగ్గు వస్తే ఒక డాక్టరు, తలనొప్పి వస్తే ఇంకో డాక్టరూనా అనుకున్నాడు. అంతే. దానికి పెద్ద కారణం ఏమీ లేదు.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం వాళ్ళు ఒక ఆరంతస్తుల ఆఫీసు భవనంలో ఉన్నారు. తాళ్ళు సాగి ఎదురుబరువు బాగా కిందికి వచ్చేసింది. మనుషులెక్కే పెట్టెకి రెండోవైపు తాడుకి వేలాడే ఇనపదిమ్మెల దొంతరే ఎదురుబరువు. పెట్టె ఖాళీగా ఉంటే ఆ దొంతరే ఎక్కువ తూగుతుంది కాబట్టి, పైన బ్రేకు సడలితే పెట్టె పైకి పోతుంది, దొంతర కిందికి దిగుతుంది. బావ గోతిలో ఆ దొంతర కింద మోకాళ్ళ మీద కూర్చుని, అడుగున ఉండే స్ప్రింగు బోల్టు మారుస్తున్నాడు. ఎడమచెయ్యి స్ప్రింగు మీద ఉంది.

పైన దగ్గు మొదలైంది. ఆ నిలువు దారిలో దగ్గు వినడం బావకి అప్పటికి అలవాటైపోయింది. గోడలకి తగిలి తగిలి పదిమంది దగ్గుతున్నట్టు దిగేది. పళ్ళు బిగపట్టి పని చేసుకుంటున్నాడు. కేక రాలేదు. "వదుల్తున్నా" అని ఎవరూ అనలేదు. నెత్తిమీద ఇనుము కిర్రుమంది. అతను తల పక్కకి లాక్కున్నాడు. చెయ్యి లాక్కోవడానికి వ్యవధి చాలలేదు. జానెడు దిగి ఆగింది దొంతర. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు స్ప్రింగుకీ ఇనుముకీ మధ్య ఉన్నాయి.

వేళ్ళు బయటికి లాక్కున్నాక చూస్తే రెండింటి చివరలూ నలిగి గోళ్ళు లేవు. చేతిగుడ్డ చుట్టుకుని, గోతిలోంచి నిచ్చెనెక్కి, ఆరంతస్తుల మెట్లూ ఎక్కాడు. మధ్యలో మూడుసార్లు ఆగాల్సి వచ్చింది ఆయాసంతో. ఆగిన ప్రతిసారీ అతని కోపం పెరిగింది. పైకెళ్ళి వాడి చెంప పగలగొట్టాలనే ఎక్కాడు.

మోటారుగదిలో చిన్నోడు గోడకి జారగిలబడి, రెండు చేతులతో డొక్కలు పట్టుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా మారాయి. గడ్డం మీద నల్లటి కఫం తీగ సాగింది. దగ్గుతో ముందుకి తూలి బ్రేకు కర్ర మీద పడ్డాడు. ఆ సంగతి అతనికి తెలుసు. బావ చేతికున్న గుడ్డ ఎర్రబడటం చూశాడు. చూసి, నలభై ఆరేళ్ళ మనిషి, భోరున ఏడ్చాడు.

"నిన్ను చంపేసేవాణ్ణి బావా. ఇంకో జానెడు దిగితే నిన్ను చంపేసేవాణ్ణి. అక్కకేం చెప్పేవాణ్ణి?"

"ముందు నువ్వు ఊపిరి పీల్చుకో."

"పీల్చుకోలేకపోతున్నా. నాకు బతకాలని లేదు ఇట్లా. నన్ను వదిలెయ్యి బావా ఈ ఒట్టునుంచి."

బావ మళ్ళీ మెట్లు దిగాడు. భవనం ఎదురుగా కిళ్ళీకొట్టుంది. గుడ్డ చుట్టిన చేతిని వెనక్కి పెట్టుకుని ఒక సిగరెట్టు, ఒక అగ్గిపెట్టె కొన్నాడు. మళ్ళీ ఆరంతస్తులూ ఎక్కాడు. సిగరెట్టు చిన్నోడి పెదాల మధ్య పెట్టాడు. ఒక చేత్తో అగ్గిపుల్ల గీయలేక, పెట్టెని మోకాలి సందున బిగించి గీసి, తనే ముట్టించాడు.

జాలితో చేశాడా అంటే జాలి ఉంది. కోపంతో చేశాడా అంటే అదీ ఉంది. ఆ దగ్గు వినలేక, రేపు మళ్ళీ ఆ దొంతర కింద కూర్చోవాలి కదా అన్న భయంతో చేశాడా అంటే, ఎక్కువ పాలు అదే ఉంది. అతను మాత్రం కాల్చలేదు. నోరూరింది. పొగ ముఖాన కొడుతుంటే తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

మూడు నాలుగు రోజులకి చిన్నోడి దగ్గు తగ్గుముఖం పట్టింది. పదిరోజులకి పూర్తిగా పోయింది.

"చూశావా బావా. మందు మన జేబులో పెట్టుకుని ఊరంతా వెతికాం" అన్నాడు. బావ కూడా నవ్వాడు. లోపల ఎక్కడో బరువు దిగినట్టైంది.

వేళ్ళ గురించి అక్క అడిగితే "ఎదురుబరువు జారింది" అన్నాడు బావ. అది నిజమే. రెండు వారాలకి ఆదివారం చిన్నోడు భార్యతో భోజనానికి వచ్చాడు. వడ్డిస్తున్న అక్క అతని మీదకి వంగి, గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"మళ్ళీ మొదలెట్టావా?"

చిన్నోడు బావ వైపు చూడలేదు. "ఆగలేకపోయాను అక్కా."

ఆమె భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"లేదు. ఇప్పుడే వింటున్నా" అన్నాడు బావ కంచంలోకి చూస్తూ.

"ఒక్కసారి నమ్మమన్నావు కదరా" అని మాత్రం అంది ఆమె తమ్ముడితో. ఆ తర్వాత అయిదేళ్ళు, సందు దొరికినప్పుడల్లా అతన్ని చేతకానివాడంది, మాట మీద నిలబడలేని వెధవంది. పక్కన మొగుణ్ణి పెట్టుకుని, ఈయన్ని చూసి నేర్చుకోరా అంది. చిన్నోడు పడ్డాడు. ఇంటికెళ్ళి తన భార్యకి కూడా అసలు సంగతి చెప్పలేదు. బావ ఆ మాటలు జరుగుతున్నప్పుడు లేచి ఏదో పనున్నట్టు పక్కగదిలోకి పోయేవాడు.

ఈలోగా బావ ఒళ్ళు మారిపోయింది. పొద్దుటి దగ్గు మూడో నెలకి పోయింది. ఒకరోజు గోతిలోకి దిగుతుంటే గ్రీజుకి వాసన ఉందని తెలిసింది. తడి సిమెంటుకి, పాత రబ్బరుకి, తన సొంత చొక్కాకి కూడా ఉందని తెలిసింది. తొమ్మిదో నెలలో ఆరంతస్తులు ఎక్కి, పైకి చేరాక గాని మధ్యలో ఆగలేదన్న సంగతి గుర్తురాలేదు. ఏటా ఊదే గొట్టంలో అంకె పెరుగుతూ వచ్చింది. రెండో ఏడాదికి పెరగడం ఆగి అక్కడే నిలిచింది. మేనేజరు అందరికీ చూపించి "బావని చూడండ్రా" అనేవాడు.

చిన్నోడు దిగిపోతూ వచ్చాడు. మొదట ఆరంతస్తులకి మూడుచోట్ల ఆగేవాడు. తర్వాత అంతస్తుకోసారి ఆగాడు. నాలుగో ఏడు ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. బావ పైకి, చిన్నోడు గోతిలోకి. కేకలు కూడా మారాయి. కిందనుంచి రావలసిన "కానీ" అన్న మాట సన్నగా, ఆలస్యంగా వచ్చేది. బావ చెయ్యి బ్రేకు మీద పెట్టకుండా చెవులు రిక్కించుకుని నిలబడేవాడు. ఆ ఏడాది చివర చిన్నోణ్ణి స్టోరులో కూర్చోబెట్టారు. అయిదో ఏడు స్టోరుకి కూడా రాలేకపోయాడు. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు చిల్లులు పడి వదులైపోయాయన్నారు. ఇంట్లో మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టారు. సిగరెట్టు అప్పుడు మానేశాడు, మానేశాననడానికి కూడా ఓపిక లేకుండా.

అతని ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. ఆ భవనానికి లిఫ్టు లేదు.

ఆ ఏడు కంపెనీ పరీక్షలకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, ఓపిక ఉన్న మనిషి. బావ కాగితాలు అయిదేళ్ళవీ వరసగా పెట్టుకుని చూసి ముచ్చటపడింది.

"మానేసిన కొత్తలో దగ్గు ఎక్కువైందా మీకు?"

"కొంచెం. మా బామ్మర్దికి బాగా వచ్చింది."

"అది మంచిదండీ. ఊపిరి గొట్టాల లోపల సన్నటి నూగు ఉంటుంది. చీపురు పుల్లల్లా పనిచేస్తుంది. పొగ తాగినన్నాళ్ళూ అది చచ్చుబడి పడుంటుంది, అందుకే మసంతా లోపలే పేరుకుంటుంది, దగ్గు కూడా రాదు కొందరికి. మానేసిన కొన్ని వారాలకి ఆ నూగు మళ్ళీ లేస్తుంది. లేచి ఇల్లు ఊడ్చినట్టు ఊడుస్తుంది. ఊడ్చింది బయటికి రావాలి కదా, అదే ఆ దగ్గు. చాలామంది సరిగ్గా అప్పుడే భయపడి మళ్ళీ మొదలుపెడతారు. మొదలెట్టగానే నూగు మళ్ళీ పడిపోతుంది, దగ్గు ఆగుతుంది. బాగైపోయిందనుకుంటారు. మీరు తట్టుకున్నారు."

బావ కుర్చీలో ముందుకి జరిగి అడిగాడు. "నల్లగా పడితే?"

"నల్లగానే పడుతుంది. లోపలున్నది అదేగా."

"పెదాలు నీలంగా అయ్యేంత దగ్గు వస్తే?"

"అంత వస్తే చూపించుకోవాలి. మందుంది. తేలికపడేది."

"అప్పుడు, అయిదేళ్ళ కిందట ఆ మనిషి నిలబడి ఉంటే?"

డాక్టరమ్మ అతని ముఖం చూసింది. నెమ్మదిగా చెప్పింది. "పోయిన భాగం తిరిగి రాదండీ. కానీ అప్పుడు ఉన్నది చాలావరకు నిలబడేది. ఖచ్చితంగా చెప్పలేను. తన పని తను చేసుకుంటూ ఉండేవారేమో."

బావ లేచి, బయటికొచ్చి, మూసి ఉన్న స్టోరు అరుగు మీద కూర్చున్నాడు. తర్వాతి పేరు పిలుస్తున్నారు, ఆ తర్వాతి పేరు పిలుస్తున్నారు. మేనేజరు వచ్చి "ఏం బావా, ఒంట్లో బాలేదా" అన్నాడు. బాగుందన్నాడు. నిజంగానే బాగుంది.

సాయంత్రం చిన్నోడింటికి వెళ్ళాడు. చిన్నోడి భార్య తలుపు తీసి "రా అన్నయ్యా, ఇప్పుడే లేచారు" అని వంటింట్లోకి వెళ్ళింది. చిన్నోడు మంచం మీద మూడు దిళ్ళకి ఆనుకుని, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ముక్కుకి గొట్టం. మెడ దగ్గర గుంటలు ప్రతి ఊపిరికీ లోపలికి పోతున్నాయి. బావ పక్కన కూర్చుని డాక్టరమ్మ చెప్పింది చెప్పాడు. ఏదీ దాచలేదు. ఊడవడం గురించి చెప్పాడు, మందుందన్న సంగతి చెప్పాడు, చీటీ ఉతుకులో పోయిందనీ, తను మళ్ళీ అడగలేదనీ చెప్పాడు.

అప్పటికి చిన్నోడు మూడేసి, నాలుగేసి మాటలకి ఆగాల్సి వస్తోంది.

"ఎందుకు చెప్పావు బావా?"

"నీకు తెలియాలని."

"ఇన్నాళ్ళూ నా చేతకానితనమే అనుకుని... కుదురుగా పడున్నా. నేను చేసుకున్నదేగా అని. ఇప్పుడు నిన్ను తిట్టాలి. తిట్టడానికి... ఊపిరెక్కణ్ణుంచి తెచ్చుకోను?"

చిన్నోడి కళ్ళు ఎర్రబడ్డాయి. వేలితో బావ మోకాలి మీద పొడిచాడు, గట్టిగా, రెండుసార్లు.

"అక్కకి చెప్పు. సిగరెట్టు నువ్వు తెచ్చావని. నువ్వు ముట్టించావని. అయిదేళ్ళు వెధవని చేసింది నన్ను. నువ్వు కంచంలోకి చూస్తూ కూర్చున్నావు."

"చెప్తాను."

"ఇవాళే చెప్పు. నేనుండగా... ఆమెకి తెలియాలి."

బావ ఇంటికెళ్ళి చెప్పాడు. భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అతను చెప్పేది పూర్తయ్యేదాకా మడతలు ఆపలేదు. అయ్యాక చేతిలో ఉన్న చొక్కాని పక్కనపెట్టి అడిగింది.

"ఆ రోజు నేను మిమ్మల్ని అడిగాను కదా. తెలుసా అని."

"అడిగావు."

"ఇప్పుడే వింటున్నా అన్నారు."

"అన్నాను."

"సిగరెట్టు ఇచ్చినందుకు కాదు నా బాధ. తెలీక ఇచ్చారు, ఇంకెవరైనా ఇచ్చేవాళ్ళే. వాణ్ణి నా చేత అన్ని మాటలు అనిపించారు చూడండి." ఆమె గొంతు పెంచలేదు. మడత పెట్టిన బట్టల్లోంచి తనవి మాత్రం విడిగా తీసి ఒక సంచీలో పెట్టుకుంది. "వాడి దగ్గరికి పోతున్నా. ఎన్నాళ్ళుంటానో తెలీదు."

అయిదునెలలు ఉంది. మరదలికి చేదోడుగా తమ్ముడికి ఒళ్ళు తుడిచింది, చెంచాతో తినిపించింది, వీపు నిమిరింది. కరెంటు పోతే మిషను ఆగిపోతుంది కాబట్టి ఇంట్లో సిలిండరు ఉండాలి. బండివాడు దాన్ని కింద దింపి పోయేవాడు. వారానికి రెండుసార్లు బావ దాన్ని భుజాన వేసుకుని నాలుగంతస్తులూ ఎక్కేవాడు. యాభై ఆరేళ్ళ మనిషి ఒక్కచోట కూడా ఆగకుండా ఎక్కేవాడు. ఆగాలని ప్రయత్నించాడు ఒకసారి. రెండో అంతస్తులో సిలిండరు దించి నిలబడ్డాడు. ఆయాసం రాలేదు. ఊరికే నిలబడి ఏం చేస్తాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఖాళీది తీసుకుని దిగేవాడు. భార్య తలుపు తీసి, "అక్కడ పెట్టండి" అనేది.

చిన్నోడు మాట్లాడుతూనే ఉన్నాడు. కోపం రెండు వారాలుంది. తర్వాత దాన్ని మోసే శక్తి కూడా పోయింది. ఒకసారి బావని దగ్గరికి పిలిచి, "పైన... ఎవరున్నారిప్పుడు, నీతో?" అని అడిగాడు. ఎవరో కొత్త మెకానిక్కు, తను మళ్ళీ గోతిలోకే దిగుతున్నానని చెప్పాడు బావ.

"కేకేస్తాడా?"

"ఫోన్లున్నాయిరా ఇప్పుడు. గోతిలో కూడా పనిచేస్తాయి."

"అయినా... కేకెయ్యమను" అన్నాడు చిన్నోడు. ఆ తర్వాత వారానికి, మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు, అక్క వీపు నిమురుతుండగానే అతని ఊపిరి ఆగింది. బావ అప్పుడు సిలిండరుతో మూడో అంతస్తు మెట్ల మీద ఉన్నాడు.

కార్యక్రమాలన్నీ అయ్యాక బావ భార్య ఇంటికి తిరిగొచ్చింది. వంట చేసింది, బట్టలుతికింది, చుట్టాలొస్తే మాట్లాడింది. భర్తతో కూడా అవసరమైనంతవరకు మాట్లాడింది. బావ పని మానలేదు. ఆ ఏడు గొట్టం ఊదడానికి పిలిస్తే వెళ్ళి ఊదాడు. అంకె నిరుటిదానికి తగ్గలేదు. డాక్టరమ్మ సంతోషించింది.

ఒక సాయంత్రం అతను పనినుంచి వచ్చి మూడంతస్తుల మెట్లెక్కి, తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికెళ్ళాడు. భార్య నట్టింట్లో నేలమీద కూర్చుని ఉంది. చేతిలో తమ్ముడి చొక్కా ఉంది. దాన్ని ముఖానికి ఆనించుకుని ఉంది. అతన్ని చూసి ఉలిక్కిపడి, చొక్కాని ఒళ్ళో దాచుకుంది. చూడకూడనిది ఎవరో పరాయివాడు చూసినట్టు ఆమె ముఖం మాడిపోయింది.

"ఇదివరకు మీరు మెట్లెక్కుతుంటే ఆయాసం వినపడేది. కిందనుంచే తెలిసేది, వస్తున్నారని" అంది. "ఇప్పుడు ఏ చప్పుడూ ఉండటం లేదు. ఇకనుంచి తలుపు కొట్టి రండి."

"సరే" అన్నాడు బావ.

మర్నాటినుంచి తన ఇంటి ముందు నిలబడి, జేబులో తాళంచెవి ఉండగానే, గోళ్ళులేని రెండు వేళ్ళున్న చేత్తో తలుపు కొట్టి, లోపలినుంచి ఆమె అడుగుల చప్పుడు దగ్గరికొచ్చేదాకా ఆగుతున్నాడు.